ఏడు మాటలు, ఇద్దరు మేధావులు, ఒక గొళ్లెం

దొంగతనం బయటపడి అప్పటికి ఇరవై నిమిషాలు. ప్రెస్సు షట్టర్ సగానికి దించేశారు. లోపల కటింగ్ మెషిన్ ఆగిపోయింది.

"నాలుగింటికి సభ. ఇప్పుడు ఒంటిగంట. ఈలోపు నాకు ఒక దొంగ కావాలి," అన్నాడు ప్రెస్సు యజమాని, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "ఎవరైనా ఫర్వాలేదు. నాకు పట్టింపులు లేవు."

గదిలో అతను కాక ముగ్గురున్నారు. కొత్త పుస్తకాల కట్టల మీద కూర్చుని నేలచూపులు చూస్తున్న మెట్లాయన. ఆయనకి వీపు చూపిస్తూ, గోడమీది క్యాలెండర్ని దీక్షగా చదువుతున్న తలుపులాయన. మూలన ట్యూబ్‌లైటు కింద, తన బల్ల దగ్గర, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని ప్రూఫ్‌రీడర్ కామా అక్క.

యజమాని చూపు మొదటాయన మీద పడింది. రెండో ఆయన మీదికి జారింది. చివరికి కామా అక్క దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడే ఉండిపోయింది.

అయ్యా, అమ్మా, కథ ఇక్కడ ఒక్క నిమిషం ఆపి మీకో మాట మనవి చేసుకోవాలి. గొప్ప గొప్ప మేధావులు ఒకరి పుస్తకాలు ఒకరు చదవకపోవడం ఈ కాలానికి పట్టిన తెగులని గోల పెట్టేవాళ్లున్నారు. తెగులేమిటండీ, వరం!

చదివితే ఏమవుతుంది? పక్కవాడు చెప్పింది బాగుందని తేలుతుంది. తేలితే మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అతని పేరు వేయాలి. ఆ చిన్న అక్షరాలు చదవలేక కళ్లజోడు మార్చుకునేది ఎవరు? మీరే కదా.

చదవకపోతే? ఒకే ఆలోచనకి రెండు పుస్తకాలొస్తాయి. రెండు కుర్చీలు, రెండు సెమినార్లు, రెండు సన్మానాలు, రెండు శాలువాలు. ఎంతమందికి పని! చదివే జబ్బే గనక ఉండి ఉంటే సమాజ శాస్త్రం మొత్తం ఒక పలచటి నోటుబుక్కులో ఇమిడిపోయేది. ఆ డిపార్ట్‌మెంట్ భవనాన్ని ఈపాటికి సైకిల్ స్టాండుకి ఇచ్చేసి ఉండేవారు.

ఈ వరానికి నిలువెత్తు సాక్ష్యాలు మన మెట్లాయన, తలుపులాయన. ఇద్దరూ ఉద్దండులే. ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే వరండా, ఎదురెదురు గదులు. సమాజమంటే మెట్ల వరస అని మెట్లాయన సిద్ధాంతం. ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారన్నదే అసలు సంగతి అంటాడు. సమాజమంటే తలుపుల వరస అని తలుపులాయన సిద్ధాంతం. ఎవరికి ఏ తలుపు తెరుచుకుంటుందన్నదే అసలు సంగతి అంటాడు.

మెట్లాయన శిష్యులు కాలు విరిగినా లిఫ్ట్ ఎక్కరు. తలుపులాయన శిష్యులు లోపల ఎవరూ లేరని తెలిసిన గదికి కూడా ముప్పావుగంట తలుపు కొడతారు, ఫలితాలు నోట్ చేసుకుంటారు. ఒకసారి ఈ పక్క శిష్యుడు, ఆ పక్క శిష్యురాలు ప్రేమించుకున్నారు. ఎక్కడ పెళ్లాడినా ఎవరో ఒక గురువుకి కోపం. మెట్లూ తలుపులూ లేని హాలు కోసం ఆరేళ్లు వెతికి, ఆఖరికి ఫుట్‌బాల్ మైదానంలో చేసుకున్నారు.

ఇద్దరూ ముప్పై ఏళ్లలో ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు. ఎత్తక తప్పనప్పుడు 'కొందరు' అని రాసేవారు. 'కొందరు అపోహ పడుతున్నట్టు.' 'కొందరు తెలిసీ తెలియక అంటున్నట్టు.' ఆ బహువచనం నిండా ఉన్నది ఒక్క మనిషే. ఏ పదం ఏ పేజీలో ఉందో చూపించే పట్టిక కామా అక్కే తయారు చేస్తుంది కాబట్టి ఆవిడకి తెలుసు. మెట్లాయన కొత్త పుస్తకంలో 'మెట్లు' నూటపది చోట్ల ఉంటే, 'కొందరు' నూటనలభై చోట్ల ఉన్నారు.

"ఆయన రాసిన ఒక్క అక్షరం నేను చదవలేదు, చదవబోను" అని ఇద్దరూ వేదికలెక్కి ప్రమాణాలు చేశారు. పచ్చి నిజం. ఆ నిజమే ఇవాళ పీకల మీదికొచ్చింది.

ఏమైందంటే, ఈ ఏడాది ఇద్దరి పుస్తకాలూ ఒకే ప్రెస్సులో ఒకే వారం తయారయ్యాయి. రెండూ ఒకే అవార్డుకి పోటీ. కమిటీకి అధ్యక్షురాలు ఒక రిటైర్డ్ జడ్జి గారు. ఈ రంగం ఆవిడకి కొత్త. కొత్త కాబట్టి, తెలిసినవాళ్లెవరూ చేయని పని ఒకటి చేశారు. రెండు పుస్తకాలూ చదివారు.

మెట్లాయన పుస్తకం 212వ పేజీ, తొమ్మిదో పంక్తిలో ఒక వాక్యం ఉంది. అదే వాక్యం, పొల్లు కూడా పోకుండా, తలుపులాయన పుస్తకం 87వ పేజీ, నాలుగో పంక్తిలో ఉంది.

'తలుపు ఎంత పెద్దదైతేనేం, గొళ్లెం అందనివాడికి అది గోడే.'

దాని ముందు మెట్లాయన 'నేను ఎన్నోసార్లు అన్నట్టు' అని రాసుకున్నాడు. తలుపులాయన 'నేను మొదటినుంచీ అంటున్నట్టు' అని రాసుకున్నాడు.

ఏడు మాటలు. పన్నెండూ నలభైకి జడ్జి గారు ప్రెస్సుకి ఫోన్ చేశారు. "ఒకరిది ఒకరు ఎత్తారు. ఎవరు ఎత్తారో సాయంత్రం సభలో అందరిముందూ తేలాలి. తేలకపోతే ఈ ఏడాదికి అవార్డు లేదు," అని పెట్టేశారు.

మీలాంటి మామూలు మనుషులైతే ఈపాటికి నువ్వు దొంగంటే నువ్వు దొంగని కాలర్లు పట్టుకునేవారు. వీళ్లు మేధావులు.

"సార్, ఆయన మీ దాంట్లోంచి ఎత్తేశారని ఒక్క ముక్క అనండి. మిగతాది నేను చూసుకుంటా," అని యజమాని మెట్లాయన్ని బతిమాలాడు.

"ఎలా అంటానయ్యా? ఎత్తాడని నాకు తెలియాలంటే ఆయన పుస్తకం నేను చదివుండాలిగా."

"పోనీ, మీరు అనండి సార్."

"నేనూ చదవలేదు," అన్నాడు తలుపులాయన, క్యాలెండర్‌తో. "పైగా ఆయన నా దాంట్లోంచి ఎత్తాడంటే, ఆయన ఒక మంచి పుస్తకం చదివాడని అర్థం. అంత పెద్ద సర్టిఫికెట్ నా నోటితో నేనివ్వాలా?"

"నేననేదీ అదే," అన్నాడు మెట్లాయన. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. "అదే కాదు. వేరే కారణాలతో అంటున్నా."

చూశారా సంస్కారం! దొంగ సొత్తు ఇద్దరి జేబుల్లోనూ దొరికాక కూడా ఒకరి మీద ఒకరు నింద వేసుకోని మనుషుల్ని మీరు ఎక్కడన్నా చూశారా?

అయితే ఇబ్బందల్లా ఒక్కటే. ఇద్దరూ ఎత్తకపోతే మాటలు వాటంతటవి నడిచి వెళ్లాలి. యజమాని చూపు మూల బల్ల దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

"రెండు పుస్తకాలూ చూసిన మనిషివి నువ్వొక్కదానివే అక్కా," అన్నాడు. "ఇటు కాగితం అటు, అటు కాగితం ఇటు కలిసిపోయుంటుంది. తప్పులేదు, ఎవరికైనా జరిగేదే."

కామా అక్క పెన్ను కింద పెట్టింది. "నా బల్ల మీద ఇరవై తొమ్మిదేళ్లలో కాగితం కలవలేదు."

అబద్ధం కాదు. పుస్తకం అచ్చయ్యాక పొరపాటు బయటపడితే, ఫలానా పేజీ, ఫలానా పంక్తి, తప్పు ఇది, ఒప్పు ఇది అని ఒక చీటీ అచ్చేసి లోపలి అట్టకి అంటిస్తారు చూడండి, తప్పొప్పుల పట్టిక, అది ఆవిడ చేతి మీదుగా వెళ్లిన ఒక్క పుస్తకానికి కూడా అంటించాల్సి రాలేదు. వేరే ప్రెస్సు పుస్తకాల్లో ఆ చీటీ కనబడితే తెలిసినవాళ్లింట్లో కష్టమొచ్చినంతగా 'అయ్యో' అనుకునేది. వచ్చే ఏడాదికి చీటీ లేని ముప్పై ఏళ్లు పూర్తవుతాయి. ఆవిడ పేరు ప్రతిష్ఠలన్నీ ఆ లేని చీటీలోనే ఉన్నాయి.

కాగితాలు కలవలేదు గానీ, మాటలు ఎలా నడిచి వెళ్లాయో మాత్రం ఆవిడకి తెలుసు.

ప్రూఫులు చూసుకోవడానికి మెట్లాయన సోమవారం వచ్చేవాడు, తలుపులాయన గురువారం. రోజులు వేరు, తంతు ఒకటే. కుర్చీ దగ్గరికి లాక్కుని, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగేవారు. "నేనెలాగూ చదవననుకో. ఈమధ్య ఏం కూస్తున్నాడమ్మా ఆయన?"

కామా అక్క చెప్పేది. ఆవిడకి సిద్ధాంతాల భాష రాదు. కామాలు వచ్చు, మనుషులు తెలుసు. అందుకని అవతలి పుస్తకంలో ఉన్న నలభై పేజీల్ని పిండి, మా ఇంట్లో అయితే ఇలా సార్, మా ఆడపడుచు అయితే ఇలా చేస్తుంది సార్, అని రెండు ముక్కల్లో చెప్పేసేది. విన్నవాళ్లు "ఓస్, ఇంతేనా ఆయన తెలివి" అని టీ తాగి వెళ్లిపోయేవారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ రెండు ముక్కలే 'నా చిరకాల పరిశీలన' అయి రాతప్రతిలో ఆవిడ బల్లమీదికి తిరిగొచ్చేవి. ఆవిడ ఒక కామా పెట్టి పంపేసేది.

మెట్లెక్కాక చివర ఒక తలుపుంటుందని మెట్లాయనకి తట్టింది అలాగే. తలుపు ముందు నాలుగు మెట్లుంటాయని తలుపులాయన కనిపెట్టింది కూడా అలాగే, అదే ఏడాది. ఇప్పుడు ఇద్దరి సిద్ధాంతాలకీ తేడా తెలియాలంటే అట్ట రంగు చూసుకోవాలి.

గొళ్లెం మాట కూడా ఓ సోమవారం ఆయనకి చెప్పింది, ఆ గురువారమే ఈయనకీ చెప్పింది.

ఆ సంగతి అప్పుడే చెప్పెయ్యొచ్చు కదా అంటారా? చెప్పింది పాపం.

"సార్, ఆ మాట మీ ఇద్దరికీ చెప్పింది నేనే."

 మెట్లాయన నవ్వాడు. తలుపులాయన కూడా, గోడవైపే తిరిగి, నవ్వాడు.

"అమ్మా, నువ్వు చెప్పింది ఉదాహరణ. నేను రాసింది సిద్ధాంతం," అన్నాడు మెట్లాయన.

"ఎవరన్నారో గానీ, సరిగ్గా అన్నారు," అన్నాడు తలుపులాయన.

ముప్పై ఏళ్లలో ఇద్దరికీ మాట కలవడం అదే మొదలు. యజమాని ఆ శుభ ఘడియని పోనివ్వదల్చుకోలేదు. గబగబా తన ఉపాయం చెప్పేశాడు. ఇద్దరి పుస్తకాలకీ చెరొక తప్పొప్పుల చీటీ. మెట్లాయన చీటీలో, ఈ వాక్యం ఈ పుస్తకందే, ప్రూఫ్‌రీడర్ పొరపాటు వల్ల ఇంకో పుస్తకంలో కూడా పడింది అని ఉంటుంది. తలుపులాయన చీటీలో, ఈ వాక్యం ఈ పుస్తకందే, ప్రూఫ్‌రీడర్ పొరపాటు వల్ల ఇంకో పుస్తకంలో కూడా పడింది అని ఉంటుంది.

"ఆ రెండు చీటీలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయిగా," అంది కామా అక్క.

"రెండు పుస్తకాలూ కొని చదివేదెవరక్కా?"

అంటూనే యజమాని వాచీ చూసుకున్నాడు.

"నువ్వే కంపోజ్ చేసి, కట్ చేసి, మూడున్నరకల్లా హాలుకి పట్రా. సార్లిద్దరూ సభలో చదివేస్తారు. జడ్జి గారికి దొంగ దొరుకుతుంది, గొడవ వదిలిపోతుంది. ఆ తర్వాత..." యజమాని గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి ఇంటిపట్టున ఉండి రెస్ట్ తీసుకో అక్కా. ఇంత పేరున్న పెద్దమనుషుల్ని రచ్చకీడ్చిన ప్రూఫ్‌రీడర్ని పెట్టుకుంటే నాకు బాగోదు."

గమనించారా? ఒక ఆలోచనకి సొంతదారుని వెతకడానికి ముప్పై ఏళ్లు చాల్లేదు. ఒక తప్పుకి సొంతదారు మూడు నిమిషాల్లో దొరికేసింది! ఇంకా మన విద్యాలయాల్లో పని జరగడం లేదంటారేమిటండీ?

ముగ్గురూ షట్టర్ కిందనుంచి వంగి వెళ్లిపోయాక కామా అక్క ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది.

"అత్తయ్యా, రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను."

"ఏమే, జ్వరమా?"

"ఉద్యోగం పోయింది. నేనొక మాట అంటుంటాను చూడు, తలుపు ఎంత పెద్దదైతేనేం, గొళ్లెం అందనివాడికి అది గోడే అని. అది నాదని చెప్పినందుకు."



"నీదేమిటే? అది నాది."

"నీదా?"

"మరి? పిల్లలు రోడ్డు మీదికి పరిగెడుతున్నారని మీ మామయ్య వీధి తలుపుకి గొళ్లెం ఎక్కడో పైన కొట్టించారు. పిల్లలు పొడుగయ్యారు, అందుకున్నారు. నేను కాలేదు. నా ఇంటి తలుపు నేను తీసుకోవడానికి ఇంకొకరిని కేకెయ్యాల్సొచ్చేది. నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో ఓ రోజు ఒళ్లు మండి ఆయన్ని కూచోబెట్టి ఈ మాటన్నాను. నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నావు. చేతిలో గరిటె కూడా ఉంది."

కామా అక్కకి గుర్తొచ్చింది, గరిటెతో సహా. చూడండి మరి, గుర్తు రావడం ఎంత చెడ్డదో! మరిచిపోయినన్నాళ్లూ ఆవిడ కూడా హాయిగానే ఉంది.

"ఇన్నేళ్లూ నీ మాటని చెప్పుకు తిరిగావా?"

"చెప్పుకోలేదత్తయ్యా. నాదేనని అనుకున్నాను."

"అదింకా ఘోరం. చెప్పుకునుంటే ఎప్పుడో పట్టుకుందును."

కామా అక్క ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. ప్రూఫ్‌రీడర్ కదా, ఇంకొక్కటి సరిచూసుకోకుండా ఉండలేకపోయింది. "నీకు ఈ మాట ఎవరన్నా చెప్పారా, ఎక్కడన్నా విన్నావా?"

"గొళ్లెం అందనిది నాకు. ఇంకెవరొచ్చి చెప్తారే?"

"సరే. నాలుగింటికి హాలుకి రా. ఆటో మాట్లాడి పంపిస్తాను."

"ఆ హాలు తలుపులు పెద్దవా?"

"పెద్దవే."

"అయితే గొళ్లెం సంగతి నువ్వే చూడు."

కామా అక్క బల్ల దగ్గరికి వెళ్లింది. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటి తప్పొప్పుల పట్టిక. వేయక తప్పనప్పుడు దాంట్లోనైనా తప్పుండకూడదు కదా. చాలాసేపు ఆలోచించింది. కంపోజ్ చేసింది, మూడుసార్లు చదివింది, ఒక కామా తీసేసింది. ముందూ వెనకా అచ్చేసి, కట్ చేసి, మూడున్నరకల్లా హాల్లో ఉంది.

దొంగచాటు పని ఆవిడ ఒంటికి పడదు. అందుకని ముగ్గురికీ విడివిడిగా చెప్పింది.

"ఒకసారి చూసుకోండి," అని యజమానికి ఇవ్వబోయింది. అతను కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాడు. "నేను అచ్చేస్తానక్కా. చదవడం వేరే డిపార్ట్‌మెంటు."

"ఒకసారి చూసుకోండి సార్," అని మెట్లాయనకి ఇచ్చింది. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను రాయనిది నేను ముందుగా చదవనమ్మా. నా ఆలోచన కలుషితమవుతుంది."

తలుపులాయన అసలు చీటీవైపే చూడలేదు. "వేదిక మీదే తెరుస్తాను. తెరవడమే నా సిద్ధాంతం."

నాలుగైంది. హాల్లో ఎడమపక్క మెట్ల శిష్యులు, కుడిపక్క తలుపుల శిష్యులు, మధ్యలో ఖాళీ కుర్చీల వరస. ఆఖరి వరసలో కామా అక్క. ఆవిడ పక్కన అత్తగారు, కాళ్లు నేలకి అందక కుర్చీలో ఊపుకుంటూ.

వేదిక మీద జడ్జి గారు రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. "ఎత్తిందెవరో తేలిందా?"

"తేలింది మేడమ్," అన్నాడు యజమాని. "చీటీలో పేరుతో సహా ఉంది."

"ఎవరు ముందు చదువుతారు?"

ఇద్దరూ కదల్లేదు. తర్వాత చదివేవాడు ముందు చదివినవాడు చెప్పేది వినాలి. వినడమంటే ఇంచుమించు చదవడమే. ప్రమాణభంగం. ఐదు నిమిషాలు గడిచాయి. 

"అయితే ఇద్దరూ కలిసే చదవండి," అన్నారు జడ్జి గారు.

ఇద్దరూ రెండు మైకుల దగ్గరికి వచ్చారు. ఒకరి వైపు ఒకరు చూడకుండా చీటీలు విప్పారు. మేధావుల గొంతులు కదా, హాలు మారుమోగింది.

"తప్పొప్పుల పట్టిక. ప్రూఫ్‌రీడర్ ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయిన ఒక తప్పు."

ఇద్దరూ తృప్తిగా ఆఖరి వరసవైపు చూశారు. శిష్యులు రెండు పక్కలా చప్పట్లు కొట్టారు. యజమాని తల ఊపాడు.

"పేజీ రెండువందల పన్నెండు, పంక్తి తొమ్మిది," అని మెట్లాయన. "పేజీ ఎనభై ఏడు, పంక్తి నాలుగు," అని తలుపులాయన.

"తప్పు: నేను ఎన్నోసార్లు అన్నట్టు."

"తప్పు: నేను మొదటినుంచీ అంటున్నట్టు."

యజమాని తల ఊపడం ఆగింది. జడ్జి గారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆ ఇద్దరు మాత్రం ఆగలేదు. ఎదుటివాళ్లది చదివే అలవాటు వాళ్లకి ఎటూ లేదు. తాము చదువుతున్నది వినే అలవాటు కూడా లేదని ఆ రోజే తెలిసింది.

అక్కడినుంచి రెండు చీటీల్లోనూ ఉన్నది ఒకటే. రెండు గొంతులూ ఒక్క గొంతయ్యాయి.

"ఒప్పు: మా ప్రూఫ్‌రీడర్ వాళ్ల అత్తగారు అన్నట్టు."

ఆఖరి వరసలో ఊగుతున్న కాళ్లు ఆగాయి.

"ఆవిడ నోట విని తనదనుకున్నది: ప్రూఫ్‌రీడర్. ప్రూఫ్‌రీడర్ నోట విని పుస్తకంలోకి ఎత్తినది..."

కాగితం అక్కడికి అయిపోయింది. ఇద్దరూ ఒకేసారి చీటీ వెనక్కి తిప్పారు. ఇద్దరూ ఒకేసారి, మైకు దగ్గరగా, ఎప్పటిలా గంభీరంగా చదివారు.

"నేను."